మేనమామ చేతులు

బొబ్బిలి,
2 సెప్టెంబరు 2024

ఒరే గోవిందూ,

ఆశీస్సులు ఉత్తరం చివర్న రాస్తాను, అప్పటికి కోపం తగ్గితే. ఫోన్లో కడిగేద్దామంటే నువ్వు ఎప్పుడూ కొట్లోనే ఉంటావు, చుట్టూ గుమస్తాలూ, కోకలు కొనే ఆడవాళ్లూ. ఇక్కడ మీ బావకి చెవి సరిగ్గా వినబడక ఫోను స్పీకరులో పెడతారు, మన మాటలు వీధి చివరిదాకా పోతాయి. అందుకే పెళ్లయి ఈ ఊరు వచ్చిన కొత్తలో రాసినట్టు మళ్లీ కాగితం పట్టాను.

దీపిక నిశ్చితార్థంలో నువ్వు చేసిన పని ఏమైనా బావుందా? నా కూతురికి ఒక్కగానొక్క మేనమామవి. చీపురుపల్లి నుంచి వియ్యాలవారు చుట్టాలందరినీ వెంటేసుకుని వచ్చారు. తాంబూలాలు మార్చుకునేటప్పుడు పంతులుగారు "మేనమామని రమ్మనండి" అంటే, నువ్వు కండువా కింద చేతులు దాచుకుని మన చిన్నాన్నగారి కామేష్‌ని ముందుకు తోశావు. భోజనాల దగ్గర చూస్తే అసలు మనిషివే లేవు. నీ పెళ్లాం గౌరి ఒక్కతే తల వంచుకుని కూర్చుంది. "మా తమ్ముడేడే?" అంటే "కొట్టు కాడ పని పడ్డాది వదినా" అని నా మొహంకేసి చూడకుండా చెప్పింది. శ్రావణమాసంలో బట్టల కొట్టుకి పని ఉండదని నేననను. కానీ మేనకోడలి తాంబూలాల కన్నా ఎక్కువా?

నీ మనసులో ఏముందో నాకు తెలుసు. దీపికని మీ ఆనంద్‌కుమార్‌కి ఇవ్వలేదని నీ కడుపుమంట. పుట్టినప్పటినుంచి "నా కోడలు, నా కోడలు" అని దాన్ని పిలిచావు, కాదనను. అదే మేనరికం వద్దంది. చదువుకున్న పిల్ల, రక్తసంబంధం మంచిది కాదని డాక్టర్లు చెబుతున్నారంది. నేనేం చెయ్యనురా? నాకు మాత్రం బాధ లేదా?

సరే, అయిందేదో అయింది. మాఘమాసంలో పెళ్లి. గౌరీపూజ కాగానే దీపికని గంపలో కూర్చోబెట్టి మండపానికి ఎత్తుకొచ్చేది నువ్వే. పక్కన పట్టేవాళ్లు ఎంతమందైనా ఉండొచ్చు, ముందు చెయ్యి మేనమామది. నా పెళ్లికి పెద్దమావయ్య ఎలా వచ్చాడో అలాగే పట్టుపంచె కట్టుకుని, పైన ఉత్తరీయం ఒక్కటే వేసుకుని రావాలి. ఇందులో మాత్రం తేడా చేశావో, నేను ఊరుకోను.

కోపం తగ్గలేదు. అయినా గౌరికి, పిల్లాడికి నిండా ఆశీస్సులు. నీకు సగమే.

అక్క ఝాన్సీ


రాజాం,
10 సెప్టెంబరు 2024

అక్కా,

సగం పంపావు, అదే నాకెక్కువ. నిశ్చితార్థం సంగతి తలుచుకుంటే నాకే తల కొట్టేసినట్టుంది. ఆ రోజు వెళ్లిపోవడం తప్పే.

కానీ ఆనంద్ విషయంలో నాకు కోపం ఉందని మాత్రం అనుకోకు. వాడు బెంగుళూరులో హాయిగా ఉన్నాడు. దీపిక మెచ్చినవాడు దొరికాడు. విజయ్‌కుమార్‌ని చూశాను, నెమ్మదైన కుర్రాడు, పెద్దవాళ్ల ముందు ఫోను తియ్యలేదు. నాకు అంతకన్నా ఏం కావాలి?

అసలు విషయం ఏమిటంటే నాకు నడుం నొప్పి. వెన్నులో డిస్కు జరిగిందంటున్నారు. బరువులు ఎత్తొద్దని గట్టిగా చెప్పారు. అందుకని గంప నేను ఎత్తలేను. కామేష్ ఎత్తుతాడు, వాడూ వరసకి మేనమామే కదా. వాడితో ఒక మాట అన్నాను కూడా. దీపికకి నువ్వే ఎలాగోలా సర్ది చెప్పు.

పెళ్లి బట్టలు మాత్రం అన్నీ మన కొట్లోంచే. మధుపర్కాలు, పట్టుకోకలు నేనే ఏరి పంపిస్తాను. మీరు రానక్కర్లేదు, ఇంతదూరం శ్రమ.

బావకి నమస్కారాలు. మోకాలి నొప్పి ఎలా ఉందో రాయలేదు నువ్వు.

తమ్ముడు గోవిందు


బొబ్బిలి,
22 సెప్టెంబరు 2024

ఒరే,

నడుం నొప్పా? ఆగస్టులో మీ కొట్టు ముందు లారీ ఆగితే బట్టల మూటలు నువ్వే భుజాన వేసుకుని దింపుతున్నావని మీ బావ కళ్లారా చూసి వచ్చారు. మా దీపిక ఆ మూటల కన్నా బరువా? అడిగితే "అమ్మా, అన్నం తగ్గించెయ్యనా" అని నవ్వింది గానీ, గదిలోకి వెళ్లి తలుపేసుకుంది.

ఇదంతా తిడదామనే కూర్చున్నాను. ఇంతలో కుసుమకుమారి పిన్ని వచ్చింది. శ్రీకాకుళం ఆసుపత్రికి కంటి పరీక్షకి వెళ్లిందట. అక్కడ ఛాతీ ఎక్స్‌రే తీసే గది బయట నువ్వు బెంచీ మీద కూర్చుని ఉన్నావట. పలకరిద్దామని వస్తుంటే నర్సు బయటికొచ్చి "టీబీ టెస్టుకి వచ్చిన గోవిందరావు ఎవరు?" అని కేకేసిందట. పిన్ని అక్కడే ఆగిపోయింది. మా ఇంటికొచ్చి నా చెవిలో చెప్పినట్టే చెప్పింది గానీ, వీధరుగు మీద కూర్చుని చెప్పింది. "మీ గోవిందుడికి ఊపిరితిత్తుల జబ్బంటే ఝాన్సీ. పిల్ల పెళ్లి ముందర ఉన్నాది, సూసుకోండి."

తమ్ముడూ, నిజం చెప్పు. టీబీయేనా? అందుకేనా పళ్లెం ముట్టుకోలేదు, తినకుండా వెళ్లిపోయావు? ఈ రోజుల్లో దానికి మందులున్నాయి కదా, ఎందుకు దాచావురా? రాత్రంతా ఏడ్చాను. నీ కోసమా, ఈ మాట చీపురుపల్లి దాకా పోతే పెళ్లి ఏమైపోతుందోననా అంటే, రెండూనూ. నీ దగ్గర అబద్ధం ఆడను. రెండోదే ముందు గుర్తొచ్చింది, అందుకు సిగ్గుగానే ఉంది.

వెంటనే రాయి. ఫోను వద్దు.

ఝాన్సీ


రాజాం,
1 అక్టోబరు 2024

అక్కా,

నాకు టీబీ లేదు. నడుం నొప్పీ లేదు. ఇక దాచి లాభం లేదు.

నాకున్నది సోరియాసిస్. చర్మం జబ్బు. చాలా ఏళ్ల కిందట చెవి వెనక చిన్న మచ్చగా మొదలైంది, చుండ్రనుకున్నాను. తరవాత మోచేతులు, మోకాళ్లు, వీపు. ఎర్రగా మందం కట్టి, పైన తెల్లటి పొట్టు రాలుతుంది. ఈ ఏడు అరచేతులకి కూడా వచ్చి పగుళ్లు తేలాయి. ఎండాకాలంలో కూడా నేను ఫుల్ చేతుల చొక్కా వేసుకుంటే "షావుకారు దర్జా" అని నువ్వు వెక్కిరించేదానివి. అది దర్జా కాదక్కా.

నా బతుకేమో కోకలు పరిచి చూపించడం. పరుపు మీద తెల్ల దుప్పటి కాబట్టి దాని మీద రాలితే తెలియదు. నల్ల కోకో, ముదురు నీలమో విప్పినప్పుడే చావు. ఒకసారి ఒక పెద్దావిడ కోక దులిపి "ఏటి బాబూ ఇది, ఇలాగ రాల్తన్నాది?" అంది. గోడ సున్నమమ్మా అన్నాను. ఆ తరవాత ఆనంద్ వచ్చి కొట్టంతా ప్లాస్టిక్ పెయింటు వేయించేశాడు. ఇప్పుడు చెప్పుకోడానికి సున్నం కూడా లేదు. అందుకే ముదురు రంగులు గుమస్తా చేత తీయిస్తాను. మిమ్మల్ని కొట్టుకి రావద్దని రాసిందీ అందుకే.

నిశ్చితార్థం రోజు పొద్దున్న అరచేతుల్లోంచి రక్తం వచ్చింది. ఆ చేతులతో పసుపూ కుంకుమా ఉన్న పళ్లెం ఎలా పట్టుకోను? పక్కనే వియ్యపురాలు నిలబడి నా వేళ్లకేసే చూస్తోంది. చిన్నప్పుడు స్కూల్లో లెక్క రాక నిలబడ్డప్పటి సిగ్గు కూడా ఇంత లేదు. కామేష్‌ని తోసేశాను. నన్ను చూస్తే తినేవాళ్లకి ముద్ద దిగదని బయటికొచ్చేశాను.

ఇది అంటుకునేది కాదు. ముట్టుకున్నా, ఒకే కంచంలో తిన్నా రాదు. ఒంట్లో రోగాలతో పోరాడవలసిన శక్తి దారి తప్పి మన చర్మం మీదే పడటం వల్ల వస్తుందని డాక్టరమ్మ చెప్పింది. పూతమందులు, మాత్రలు అన్నీ అయ్యాయి. ఇప్పుడు ఇంజక్షన్ మొదలెడదామంది. ఆ మందు దారి తప్పిన శక్తిని కొంచెం అణిచిపెడుతుంది. అలా అణిచినప్పుడు ఒంట్లో ఎక్కడైనా టీబీ క్రిమి నిద్రపోతూ ఉంటే లేచి కూర్చుంటుందట. అందుకని ముందే ఛాతీ ఎక్స్‌రే, టీబీ పరీక్ష, కామెర్ల పరీక్ష, నెత్తురు పరీక్షలన్నీ చేస్తారు. పిన్ని విన్నది ఆ కేక.

నా పరీక్షలో నిద్రపోయే క్రిమి ఉందని తేలింది. మన దేశంలో చాలామందికి ఉంటుందట, జబ్బు కాదు, ఎవరికీ అంటదు. కానీ దాన్ని లేవనివ్వకుండా ముందు మాత్రలు వాడాలి. మొదలెట్టాను. మూత్రం నారింజపండు రంగులో వస్తోంది, చెబితే నవ్వుతావు. నెల వాడాక ఇంజక్షన్ మొదలెట్టొచ్చంది, మాత్రలు మాత్రం కోర్సు పూర్తయ్యేదాకా మింగాలి. ఇంజక్షన్ పొట్ట మీదో తొడ మీదో మనమే చేసుకోవచ్చు. మొదట వారం వారం, తరవాత నెలకోటి. జబ్బు మొత్తానికి పోదు, అదుపులో ఉంటుంది. కొన్ని వారాలు పోతే గానీ తేడా కనబడదు.

గౌరికి, ఆనంద్‌కి తప్ప ఎవరికీ తెలియదు. నిన్ను కూడా అబద్ధాలతో తిప్పాను. చొక్కా లేకుండా ఉత్తరీయంతో, అంతమంది ముందు, వీడియో లైట్ల కింద నేను నిలబడలేను. ఎత్తలేకపోవడం అంటే ఇదీ.

గోవిందు


బొబ్బిలి,
18 అక్టోబరు 2024

నాయనా గోవిందూ,

నీ ఉత్తరం చదివి దేవుడి గదిలోకి పోయి దణ్ణం పెట్టుకున్నాను. టీబీ కాదు, అంతే చాలు. చర్మం జబ్బే కదా! దీనికింత కథా? నా దగ్గర కూడా దాచావంటే నేను అక్కనా, పక్కింటి మరిడమ్మనా? నాలుగు తగిలించాలనుంది. వేపాకు నీళ్లతో స్నానం చెయ్యి. ఎందుకైనా మంచిది, వంకాయ మానెయ్యి.

మొన్న వియ్యాలవారితో కలిసి విజయనగరం సిరిమాను పండగ చూడ్డానికి వెళ్లాం. ఆ జనంలో తోపులాటలో కూడా వియ్యపురాలు వదల్లేదు. "వదినగారూ, మీ తమ్ముడి సేతులకేటైంది?" అని అడిగింది. "కాగే నూని పడ్డాదండి, మానిపోతాది" అని నోటికొచ్చింది అనేశాను. నువ్వు ఎవరైనా అడిగితే అదే చెప్పు, ఇద్దరం ఒక మాట మీద ఉండాలి.

నేను బాగా ఆలోచించాను. గంప నువ్వే ఎత్తు. ఉత్తరీయం అక్కర్లేదు, పట్టు లాల్చీ వేసుకో, మెడ దాకా బొత్తాలుండేది. చేతులకేమో తొడుగులు వేసుకుంటే సరి. బ్యాండు మేళం వాళ్లు వేసుకుంటారే తెల్లవి, అలాంటివి. వీడియోలో ముచ్చటగా కూడా ఉంటుంది. విజయనగరంలో దొరుకుతాయట, మీ బావ చేత తెప్పిస్తాను. అప్పుడు దీపిక పట్టుకోకకి కూడా ఏమీ అంటదు. ఎవరికీ తెలియదు. నీ కొలత రాసి పంపు.

ఈసారి ఆశీస్సులు నిండుగా. మందు బాగా పనిచెయ్యాలని పైడితల్లమ్మకి మొక్కాను.

నీ అక్క


రాజాం,
25 నవంబరు 2024

అక్కకి,

ఇంజక్షన్ మొదలైంది. ఎలా ఉంటుందోనని రెండు రోజులు అన్నం సహించలేదు. తీరా చూస్తే పెన్నులా ఉంది. ఆసుపత్రిలో నర్సు ఫ్రిజ్‌లోంచి తీసి అరగంట బయట ఉంచి, పొట్ట మీద ఆనించి నొక్కితే టిక్కుమంది. చల్లగా లోపలికి పోయింది, అంతే. చీమ కుట్టినంత. కాసేపు కూర్చోబెట్టి పంపేశారు. మర్నాడు అక్కడ ఎర్రగా కందింది, రెండు రోజుల్లో పోయింది. మధ్యలో జలుబు చేసింది. జ్వరం వచ్చినా, ఎక్కడైనా చీము పట్టినా ఇంజక్షన్ చేసుకోకుండా ముందు ఫోను చెయ్యమంది డాక్టరమ్మ. ప్రతిసారీ చోటు మార్చాలి. రెండోదీ నర్సే చేసింది, తరవాతవి నన్నే చేసుకోమని చల్లటి పెట్టెలో పెట్టి ఇచ్చారు. మూడోది నేనే చేసుకున్నాను, గౌరి కళ్లు మూసుకుంది. పొట్టు రాలడం కొంచెం తగ్గింది.

తొడుగుల సంగతి. నువ్వు మంచికే రాశావని నాకు తెలుసు. కానీ అది చదివాక నేను కొట్లోంచి లేచి వెనక గోడౌన్‌లోకి పోయి కూర్చున్నాను. ఇన్నాళ్లూ నా చేతులు చూసి ఊళ్లోవాళ్లు ఏమంటారోనని భయపడ్డాను. దీపిక కోకకి అంటుతుందని నువ్వంటావని మాత్రం అనుకోలేదు. అంటదని అంత వివరంగా రాశాను కదా అక్కా.

కొలత పంపడం లేదు. కామేష్ ఎత్తుతాడు. నేను పెళ్లికి వచ్చి వడ్డన చూసుకుంటాను. కాదు, వడ్డన కూడా వద్దులే. ఓ పక్కన కూర్చుంటాను.

గోవిందరావు


బొబ్బిలి,
14 డిసెంబరు 2024

గోవిందూ,

కింద పూర్తి పేరు రాశావు. బ్యాంకు మేనేజరుకి రాసినట్టు. చూసి నాకు చచ్చిపోవాలనిపించింది. నా నోరు సంగతి నీకు తెలుసు, ముందు మాట, తరవాత ఆలోచన. "అంటదు" అని నువ్వు రాసింది చదివాను, నమ్మాను కూడా. అయినా చెయ్యి ఆ ముక్క రాసేసింది. ఎందుకో నాకే తెలీదు.

దీపికకి అంతా చెప్పాను. చెప్పకూడదనుకున్నాను గానీ అది వదల్లేదు. విని "అమ్మా, తొడుగు మావయ్య సేతులికి కాదే, నీ నోటికి కావాలి" అంది. అంతటితో ఆగలేదు. "మావయ్య ఎత్తితే గంపలో కూర్సుంటాను. నేకపోతే నడిసొచ్చేస్తాను, నాకు కాళ్లున్నాయి" అని వాళ్ల నాన్న ముందే చెప్పేసింది. చదువుకున్న పిల్ల, కోపమొస్తే అచ్చం మన నాయనమ్మలా మాట్లాడుతుంది.

మొన్న ఫోన్లో నువ్వు "తగ్గుతున్నాది అక్కా" అన్నావు చూడు, ఆ ఒక్క ముక్కతో నాకు ప్రాణం లేచొచ్చింది. ఆ పూటే వియ్యపురాలికి ఫోను చేసి, మా తమ్ముడి చేతులు మానిపోయాయి, గంప వాడే ఎత్తుతాడని చెప్పేశాను. పంతులుగారికీ చెప్పాను. ఇక మాట తప్పకు. ఉత్తరీయమే వేసుకో, ఏమైతే అదవుతుంది.

అక్క ఝాన్సీ


రాజాం,
20 జనవరి 2025

అక్కా,

ఫోన్లో చెప్పింది అబద్ధం. తగ్గడం లేదు. మళ్లీ మొదటికి వచ్చింది, ఇంకా ఎక్కువగా. మెడ మీదికి కూడా పాకింది.

తప్పు మందుది కాదు, నాది. నవంబరు చివర్న గౌరి పుట్టింటివాళ్లు వచ్చి దిగారు. ఇంట్లో ఫ్రిజ్ తెరిచి "ఇదేటి బావా?" అంటారని, మిగిలిన ఇంజక్షన్లు కొట్టుకి తీసుకుపోయాను. పెళ్లి బట్టలకి వచ్చేవాళ్లకి కూల్‌డ్రింకులిచ్చే చిన్న ఫ్రిజ్ ఉంది కదా, అందులో సీసాల వెనక దాచాను. ఇంతలో పాలకొండ నుంచి పెద్ద పెళ్లి బేరం వచ్చింది. తాగినవాళ్లు "సల్లగా నేదు షావుకారూ" అన్నారు. మర్యాద పోతుందని నేనే ఫ్రిజ్ మీట చివరికంటా తిప్పేశాను. వాళ్లు బట్టలు తీసుకుని వెళ్లారు. మీట మళ్లీ వెనక్కి తిప్పడం మర్చిపోయాను. మర్నాడు చూస్తే సీసాలు గడ్డకట్టి ఉబ్బిపోయాయి. ఇంజక్షన్లూ గడ్డకట్టాయి.

ఎండలో పట్టుకుని చూశాను. కరిగాక మామూలుగానే కనిపించింది. కానీ ఒక్కసారి గడ్డకడితే ఇక పనికిరాదు, చేసుకోవద్దని మొదటిరోజే నాకు గట్టిగా చెప్పారు. పారేశాను. డాక్టరమ్మకి చెబుదామని ఫోను తీస్తాను. ఎక్కడ పెట్టారు, ఎందుకు పెట్టారు అని అడుగుతుంది కదా, కూల్‌డ్రింకుల వెనక దాచానని ఏ నోటితో చెప్పను? ఆనంద్ సెలవు పెట్టి వచ్చి, మందు కంపెనీవాళ్లతో రాయితీ కాగితాలు రాయించి తెప్పించిన మందు అది. వాడికీ చెప్పలేదు. గౌరి "ఈ వారం సేసుకున్నారా?" అంటే "కొట్లో సేసుకున్నాను" అంటున్నాను. ఇన్ని వారాలు అలా గడిపేశాను.

వియ్యపురాలికి నువ్వు మాటిచ్చావు, నా అబద్ధం మీద. నన్ను క్షమించమని అడగడానికి కూడా మొహం లేదు. పెళ్లికి వస్తాను. ముందుకు రాను. దీపికని కామేష్‌తో ఒప్పించు, నీ కాళ్లు పట్టుకుంటాను.

గోవిందు


బొబ్బిలి,
24 ఫిబ్రవరి 2025

తమ్ముడూ,

పెళ్లి అయిపోయింది. పిల్ల చీపురుపల్లి వెళ్లిపోయింది. ఇల్లు కడిగించి, చుట్టాల్ని బస్సులెక్కించి ఇప్పుడు కూర్చున్నాను. నీకు ఒక సంగతి చెప్పాలి. నువ్వు షామియానా వెనక వంటవాళ్ల దగ్గర నిలబడి ఉన్నావని గౌరి నాకు మర్నాడు చెప్పింది. అంటే అక్కడికి అన్నీ వినబడతాయి. విన్నావో లేదో తెలియక రోజూ నలిగిపోతున్నాను. అందుకని నేనే రాసేస్తున్నాను.

గౌరీపూజ అయింది. దీపికని గంపలో కూర్చోబెట్టారు. పంతులుగారు "మేనమామ రావాలి" అని పిలిచారు. కామేష్ వచ్చి వంగాడు. అది వాడికేసి చూసి "మావయ్యేడీ?" అంది. మళ్లీ పిలిచారు పంతులుగారు. నేను గుమ్మం వైపు చూశాను, వీధి వైపు చూశాను. నువ్వు రాలేదు. అది గంపలోంచి లేచి, కుచ్చిళ్లు ఎత్తి పట్టుకుని, అందరూ చూస్తుండగా మండపానికి నడిచిపోయింది. సన్నాయివాళ్లు ఆపేశారు. వియ్యపురాలు అందరికీ వినబడేలా "ఇదేటి వదినగారూ, గంప నేదేటి? మేనమామ నేడా?" అంది.

గోవిందూ, ఎన్నో చెప్పొచ్చు. ఒంట్లో బాలేదనొచ్చు. వస్తున్నాడనొచ్చు. జబ్బు పేరు చెప్పి, ఇదీ మా తమ్ముడి కష్టం అని నిలబడొచ్చు. అంతమంది కళ్లు నా మీదే ఉన్నాయి. నేను "లేడండీ. మాకు మేనమామ లేడు" అన్నాను.

నువ్వు బతికుండగా అన్నాను. శుభమా అని పెళ్లి జరుగుతుంటే అన్నాను. ఆ మాట విని దీపిక మండపం మెట్టు మీద ఆగి, వెనక్కి తిరిగి నాకేసి చూసింది. అప్పగింతలప్పుడు వాళ్ల నాన్నని పట్టుకుని ఏడ్చింది. నా దగ్గరికొచ్చేసరికి ఏడుపు ఆపేసి కాళ్లకి దణ్ణం పెట్టి కారెక్కింది. 

నీ జబ్బు చూసి నాకు సిగ్గు వేసిందిరా. అదీ నిజం. నూనె పడిందన్నప్పుడూ అదే, తొడుగులు వేసుకోమన్నప్పుడూ అదే. నీ పరువు కోసమని పైకి అన్నాను, నా పరువు కోసం చేశాను. ఇప్పుడు నా మీద నాకే అసహ్యంగా ఉంది. మీ బావ నాతో సరిగ్గా మాట్లాడటం లేదు. నువ్వు కూడా మాట్లాడకపోయినా అడగను.

ఝాన్సీ


రాజాం,
4 మే 2025

అక్కా,

విన్నాను. 

ఇన్నాళ్లూ జవాబు రాయకపోవడం కోపంతో కాదు. ఆ రోజు వంటవాళ్ల దగ్గర, పంచె కట్టుకునే నిలబడ్డాను. పంతులుగారు పిలిచినప్పుడు ఒక అడుగు వేశాను కూడా. అన్నం వార్చే కుర్రాడొకడు నా మెడకేసి చూశాడు. అంతే, ఆగిపోయాను. దీపిక "మావయ్యేడీ" అనడం వినబడింది. పిల్ల పిలిచినా కదలనివాణ్ని నువ్వు లేడనకపోతే ఏమంటావు? నువ్వన్న మాట నాకు తగిలింది, లేదనను. మర్నాడంతా మంచం దిగలేదు. కానీ ఆ మాట నీ చేత అనిపించింది నేనే.

మూడో రోజు శ్రీకాకుళం వెళ్లాను. ఫ్రిజ్ సంగతి, దాచడం, అబద్ధాలు, అన్నీ డాక్టరమ్మకి చెప్పాను. తిడుతుందని తల వంచుకు కూర్చున్నాను. "ఇలా పోగొట్టుకున్నవాళ్లలో మీరు మొదటివారేం కాదు. ఆ రోజే ఫోను చెయ్యాల్సింది" అంది, అంతే. మళ్లీ మొదటినుంచీ మొదలెట్టింది. ఆనంద్‌కి కూడా చెప్పాను. వాడు అంతా విన్నాడు. తరవాత "నాన్నా, ఇంట్లో ఫ్రిజ్‌లో పెట్టు, పాల గిన్నె పక్కన, ఎవరైనా అడిగితే నా పేరు చెప్పు" అన్నాడు. నా పేరే చెబుతున్నాను. గౌరి అన్నయ్య అడిగాడు. చెప్పాను. "ఓస్, అంతేనా" అని పాలు తీసుకుని తలుపేశాడు.

అరచేతులు మానాయి. వీపు చాలావరకు తేటపడింది, మచ్చలున్నాయి. మోచేతులు మొండివి, ఇంకా ఎర్రగానే ఉన్నాయి. మందు మానేస్తే మళ్లీ వస్తుంది, నాకు తెలుసు.

దీపికా, విజయ్ మొన్న కొట్టుకి వచ్చారు. ముందుగా చెప్పకుండా వచ్చారు, నేను పొట్టి చేతుల చొక్కాతో ఉన్నాను. లేచి లోపలికి పోబోయాను. అది పరుపు మీద నా ఎదురుగా బాసింపట్టు వేసుకుని కూర్చుని "మావయ్యా, నల్లకోకలు సూపించు. నువ్వే ఇప్పు, గుమస్తా వొద్దు" అంది. విప్పాను. ఒక్కొక్కటే భుజాన వేసుకుని చూసుకుంది. చివరికి ఒకటి తీసుకుని లేస్తూ నా మోచెయ్యి పట్టుకుని లేచింది, ఎర్రగా ఉన్నచోటే. విజయ్ పక్కనే ఉన్నాడు. అతని ముందే నాకు ఏడుపొచ్చింది, ఆపుకోలేకపోయాను.

దానికి నీ మీద కోపం పోలేదు. "అమ్మ నిన్ను నేడంది మావయ్యా" అని మళ్లీ మళ్లీ అంది. నేను దానికి చెప్పింది నీకూ చెబుతున్నాను. ఆ రోజు అమ్మ ఒక్కతే అంతమందికి జవాబు చెప్పవలసి వచ్చింది, చెప్పవలసినవాణ్ని నేను దాక్కున్నాను. నువ్వే ఫోను చెయ్యి, అది తీస్తుంది.

వచ్చే నెల కామేష్ ఇంట్లో గృహప్రవేశం. చీపురుపల్లివాళ్లూ వస్తారట. నేను వస్తున్నాను, పొట్టి చేతుల చొక్కాతోనే. నాకు భయంగానే ఉంది, ఇప్పటికీ సిగ్గుగానే ఉంది, అది ఒక్క సూదితో పోయేది కాదు. నువ్వు నూనె పడిందని చెప్పకు, మానిపోయిందనీ చెప్పకు. మీ వియ్యపురాలు మేనమామ ఏడని మళ్లీ అడిగితే, ఉన్నాడని చెప్పు.

గోవిందు